బయమ్మ వంతు

స్టార్టు కాని ఇంజనుతో ఒక బాధ. స్టార్టయి, ఆశపెట్టి, ఐదు నిమిషాలు నీళ్ళు తోడి, చేనికి అటు చివర పైపులో గరగరమనగానే ఆగిపోయే ఇంజనుతో ఇంకో బాధ. మొదటిదానికి మెకానిక్కును తిట్టుకుంటాం. రెండోదానికి మన మీద మనకే అనుమానం వస్తుంది. మంగళవారం పొద్దున బయమ్మకు పట్టుకున్నది ఈ రెండో బాధ.

ముదిగుబ్బకు ఏడెనిమిది కిలోమీటర్లలో ఉంటుంది ఆ ఊరు. ఊరి కింద పల్లంలో ఏడు కుటుంబాలు కలిసి తవ్వుకున్న నీటిగుంత ఉంది, అడుగున నల్లపట్ట పరిచి. జూలైలో పడిన రెండు వానలకు అది నిండింది. ఆ తర్వాత నలభై రోజులుగా చినుకు లేదు. వేరుశనగకు, ఇక్కడివాళ్ళ చెనక్కాయకు, ఊడలు దిగే సమయం. నేల బిగుసుకుపోతే ఊడ లోపలికి దిగదు, పైనే ఎండిపోతుంది. కాయ పట్టని ఆ చెట్టు గొర్రెల మేతకు తప్ప ఎందుకూ పనికిరాదు. గుంతలో ఉన్న నీళ్ళు పొదుపుగా వాడుకుంటే ఏడు చేలకూ తలా ఒక్క తడి వస్తుంది. రెండో తడి అన్న మాట ఎవరూ ఎత్తరు. వంతులకు చీటీలు వేసుకున్నారు. బయమ్మ రెండెకరాలకు మూడో చీటీ వచ్చింది. ఇంజను ఏడుగురిదీ. పెట్రోలు మాత్రం ఎవరి వంతుకు వాళ్ళు పోసుకోవాలి.

జాకబ్ వచ్చేసరికి బయమ్మ తాడు లాగి లాగి, కుడిచెయ్యి పైకి లేవక, దాన్ని ఎడమచేత్తో ఒళ్ళో పెట్టుకుని గట్టుమీద కూర్చుని ఉంది. జాకబ్‌కు రోడ్డు పక్కన రేకుల అంగడి ఉంది. మోపెడ్లు, మందుకొట్టే మిషన్లు, ఇట్లాంటి చిన్న ఇంజన్లు ఇరవై ఏళ్ళుగా అతని చేతిలోనే బాగుపడుతున్నాయి. ఈ ఇంజనుకు ముందురోజు సాయంత్రమే ఆయిలు మార్చి, ఫిల్టరు కడిగి పంపించాడు. అందుకని కొంచెం కోపంగానే వచ్చాడు. చేసిన పనికి మర్నాడే పిలుపు రావడం ఏ మెకానిక్కుకూ ఇష్టముండదు.

ఒక్క లాగుకే ఇంజను అందుకుంది. జాకబ్ చోకు వెనక్కి తోసి, చెవి ఒగ్గి విన్నాడు. శబ్దం శుభ్రంగా ఉంది. నీళ్ళు ఎక్కాయి, పైపు బిగిసింది, నాలుగు స్ప్రింక్లర్లూ తిరగబోతున్నట్టు తల ఊపాయి. అంతలో ఇంజను ఒకసారి గొంతు పెంచి, రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి, ఆగిపోయింది. మళ్ళీ లాగాడు. పలకలేదు. ప్లగ్గు విప్పి చూశాడు, తెల్లగా పొడిగా ఉంది. ఉప్పుకాగితంతో గీకి బిగించాడు. ట్యాంకు మూత తీసి పెట్రోలు చూశాడు, సగానికి పైనే ఉంది. మూత పెట్టి లాగితే మళ్ళీ ఒక్క లాగుకే అందుకుంది. ఐదు నిమిషాలకు మళ్ళీ పోయింది.

"ఒకటి చెప్పనా అప్పా," అంది బయమ్మ. "మూత తీసి పెట్టినప్పుడల్లా బాగా పట్టుకుంటాంది. పొద్దున్నుంచీ చూస్తాండా. తీయకుంటే లేయదు, తీసి పెడితే లేస్తాది."

"మూతదేముందక్కా," అన్నాడు జాకబ్, తల ఎత్తకుండానే. "లోపల పోసినదాంట్లో ఉంటాది కత."

పొద్దు పైకెక్కుతోంది. సంఘానికి పెద్ద లింగప్ప గట్టుమీద నిలబడి, నాలుగో వంతు తనదే కాబట్టి, గుంతవైపూ ఇంజనువైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. జాకబ్‌కు ఏదో ఒకటి చెప్పాలనిపించింది. పక్కనే ఐదు లీటర్ల క్యాను కనిపించింది, బయమ్మ భర్త వెంకటప్ప పెట్రోలు పట్టించుకొచ్చినది. వెంకటప్ప ఒకాయన ట్రాక్టరుకు డ్రైవరు. ఆ క్యాను అంతకుముందు డీజిలుకు వాడినదే. జాకబ్ మూత తిప్పి వాసన చూశాడు. డీజిలు వాసన వచ్చింది. రాక ఏం చేస్తుంది! ఆ తర్వాత ఇంజను ట్యాంకులో ముక్కు పెట్టాడు. అక్కడా డీజిలు వాసనే. ముందు ట్యాంకు చూసి తర్వాత క్యాను చూసి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. అప్పటికే ముక్కు నిండా క్యానే ఉంది.

జాకబ్ ముక్కంటే ఆ చుట్టుపక్కల ఒక పేరు. వాసన చూసి కల్తీ చెప్పేస్తాడని అందరూ అనేవారు. అనగా అనగా అతనూ నమ్మాడు.

"డీజిలు కలిసిందన్నా," అన్నాడు లింగప్పతో.

బయమ్మ నిన్ననే బంకులో పట్టించినదని, తన మనిషే తెచ్చాడని చెప్పబోయి, సగంలో ఆగి క్యానువైపు చూసింది. వెంకటప్ప తాగుతాడు. ఉగాది తర్వాత తగ్గించాడు గానీ మానలేదు. ఒక లీటరు పెట్రోలు తాగుడుకు ఎక్కడో అమ్ముకుని ఆ వెలితి ట్రాక్టరులోని డీజిలుతో పూడ్చాడని ఎవరూ పైకి అనలేదు. అనక్కరలేకపోయింది. లింగప్ప మాత్రం అందరి ఇంజనులో ఎవరిష్టమొచ్చింది వాళ్ళు పోస్తామంటే కుదరదన్నాడు. బయమ్మ వంతు ఆఖరుకు పోయింది. అందరివీ అయినాక నీళ్ళు మిగిలితే పెట్టుకోవచ్చు. ఆఖర్న మిగిలేది బురద అని ఏడుగురికీ తెలుసు. బయమ్మ వాదించలేదు. క్యాను తీసుకుని, కొంగుతో దాని మూతి తుడిచి, ఇంటిదారి పట్టింది.

జాకబ్ ఇంజనును అంగడికి తెచ్చి పెట్రోలు ఒంపేశాడు. కార్బురేటరు విప్పి, గిన్నె కడిగి, పెట్రోలు చిమ్మే జెట్టులో సన్నటి రాగిపోగు దూర్చి తీశాడు. జెట్టులో అడ్డం ఏమీ లేదు. ఏమీ లేదన్నది అతనికి అప్పుడే కొంచెం గుచ్చుకుంది, కానీ పట్టించుకోలేదు. తర్వాత ఎప్పుడూ చేసినట్టే, దూలానికి తగిలించిన సెలైను సీసాలో మంచి పెట్రోలు పోసి, దాని గొట్టం కార్బురేటరుకు పెట్టి నడిపి చూశాడు. అరగంట ఆగకుండా నడిచింది. చూశావా, డీజిలే, అని తనకు తానే చెప్పుకున్నాడు. సీసాతో నడిపితే ట్యాంకుతో పని లేదని, ట్యాంకుతో పని లేకపోతే దాని మూతతోనూ పని లేదని అతనికి తెలియక కాదు. తట్టలేదు, అంతే.

బుధవారం పొద్దున లింగప్ప చేలో, లింగప్ప కళ్ళెదుట బంకులో పట్టించిన పెట్రోలుతో, ఇంజను ఐదు నిమిషాలు నడిచి ఆగిపోయింది.

కబురు వచ్చినప్పుడు జాకబ్ సంగటి తింటున్నాడు. చెయ్యి కడుక్కుని వెళ్ళాడు. లింగప్ప గుంత దగ్గర సక్షన్ పైపు సర్దుతున్నాడు. ఇంజను దగ్గర ఎవరూ లేరు. జాకబ్ ట్యాంకు మూత తిప్పాడు. బుస్సుమని లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు వచ్చింది. తాగి తాగి చివరికి ఊపిరి తీసుకున్న మనిషి చప్పుడు. జాకబ్ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మూత వెనక్కి తిప్పి చూశాడు. మధ్యలో గుండుసూది పట్టేంత రంధ్రం ఉండాలి. పెట్రోలు కిందికి దిగుతుంటే ఆ రంధ్రంలోంచి గాలి లోపలికి పోవాలి. పోకపోతే కాసేపటికి పెట్రోలు దిగడం మానేస్తుంది. పైవైపు రంధ్రం ఉన్నచోట ఎర్రమట్టి అంటుకుని ఉంది. గోటితో గీకాడు. మట్టి కింద తెల్లగా సబ్బు.

అది అతని సబ్బే. సోమవారం సాయంత్రం లింగప్ప ఇంజనును మోటారుసైకిలు మీద అడ్డంగా పెట్టుకుని పోబోతుంటే మూతలోంచి పెట్రోలు చిమ్మి ప్యాంటు తడిసింది. ఉండన్నా అని జాకబ్ నీళ్ళతొట్టి మీదున్న బట్టల సబ్బు తెచ్చి, ఆ రంధ్రం మీద అరంగుళం వెడల్పున రుద్దాడు. నీళ్ళకు కరిగే సబ్బు పెట్రోలుకు కరగదు. కారే ట్యాంకులకు అతను ఎన్నిసార్లు సబ్బు పెట్టాడో లెక్కలేదు. ఇంటికి పోయినాక గీకెయ్ అని చెప్పాలి. చెప్పబోతుండగా ఎవరిదో మోపెడ్ వచ్చి నిలబడింది. చెప్పాడా? జాకబ్ మూత చేతిలో పట్టుకుని బలవంతంగా గుర్తు తెచ్చుకున్నాడు. చెప్పలేదు.

లింగప్ప వస్తున్నాడు. జాకబ్ సబ్బంతా గోటితో తీసి, సూదితో రంధ్రం పొడిచి, నోట్లో పెట్టి ఊది, గీకిన సబ్బును కింద పారేయబోయి ఆగాడు. ఎర్రమట్టి మీద తెల్లగా కనబడుతుంది. ఉప్పుకాగితం ముక్కలో పొట్లం కట్టి చొక్కా జోబులో వేసుకున్నాడు. దొంగసొత్తు దాచినట్టు దాచినందుకు సిగ్గేసింది గానీ చెయ్యి మాత్రం ఆగలేదు.

"ఏమైనాదప్పా?" అన్నాడు లింగప్ప.

"గాలి తక్కువైనాదన్నా," అన్నాడు జాకబ్. అబద్ధం కాదు. అబద్ధం కానందుకే అది మరీ చేదుగా ఉంది.

నిన్నటి డీజిలు దోషమే ఇంకా కొంచెం మిగిలిందనుకున్నాడు లింగప్ప. ఆ రోజు ఇంజను పొద్దుగూకేదాకా ఆగలేదు. లింగప్ప మూడెకరాలూ తడిశాయి.

గురువారం ఇంకొకరి వంతు, శుక్రవారం ఇంకొకరిది. పల్లం అంగడికి దగ్గరే. గాలి ఇటు తిరిగితే ఇంజను చప్పుడు వినబడుతుంది. తన చేతిలో బాగుపడిన ఇంజను పాడుతుంటే వినడం జాకబ్‌కు ఎప్పుడూ ఇష్టమే. ఆ రెండు రోజులూ అది పాడిన కొద్దీ గుంతలో నీళ్ళు దిగుతున్నాయని, ఆ నీళ్ళలో బయమ్మవి ఉన్నాయని మాత్రమే వినబడింది. మోపెడ్ చక్రం విప్పి బిగించడం మరిచిపోయాడు. ప్లగ్గు ఒకటి మర తప్పించి పాడుచేశాడు. చెప్పేస్తే పోతుంది కదా అని ఒక గడియ, చెప్పితే ఇంక ఈ ముక్కును ఎవరు నమ్ముతారని ఇంకో గడియ.

గురువారం సాయంత్రం చెప్పేద్దామనే లింగప్ప ఇంటికి వెళ్ళాడు. లింగప్ప అరుగుమీద చోటిచ్చి, టీ తెప్పించి, జాకబ్ నోరు తెరిచేలోపలే పక్కనున్న గోవిందప్పతో మాట ఎత్తుకున్నాడు. ఏడో చీటీ గోవిందప్పది. "ఈయప్ప ముక్కుండబట్టి బతికినాం," అన్నాడు లింగప్ప. "ల్యాకుంటే అందరమూ ఆ డీజిలు పోసుకోని ఇంజనును కాటికి పంపింటిమి." గోవిందప్ప నవ్వాడు. జాకబ్ కూడా నవ్వాడు. టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి వచ్చేశాడు. తిట్టడానికి వచ్చినవాడికి ఎదురు నిలబడొచ్చు. పొగిడేవాడి ముందు నిజం చెప్పడం అంత సులభం కాదని దారి పొడుగునా తనకు సర్ది చెప్పుకున్నాడు. సర్దుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అతని భార్య కృపాకుమారి బట్టలు ఉతకబోతూ చొక్కా జోబులో పొట్లం చూసింది. విప్పి, ఇదేంది, నా సబ్బు సగం మాయమైందనుకుంటే నీ జోబులో ముక్కలుగా తిరుగుతాందే అని నవ్వుతూ బట్టకు రుద్దబోయింది. జాకబ్ లేచి ఆమె చేతిలోంచి లాక్కున్నాడు. ఆమె నవ్వు ఆగింది. ఏమైందని అడిగింది. ఇంక దాచలేక అంతా చెప్పాడు, మోపెడ్ రావడం దగ్గర్నుంచి టీ గ్లాసు కడగడం దాకా.

కృపాకుమారి తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"గుంతలో ఇంకెన్ని నీళ్ళుండాయి?" అని అడిగింది.

ఒక వంతుకు సరిపోతాయన్నాడు. రేపు గోవిందప్పది.

"మరి ఈడ నాకేంటికి చెప్తాండావు?" అంది, బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున జాకబ్ గుంత దగ్గరికి వెళ్ళేసరికి పైపులు గోవిందప్ప చేనివైపు పరుస్తున్నారు. ఏడు ఇళ్ళవాళ్ళూ ఏదో ఒక పనిమీద అక్కడే ఉన్నారు, ఒక్క బయమ్మ ఇంటి నుంచి తప్ప. జాకబ్ నమస్కారం కూడా పెట్టకుండా, మూత విప్పి చేతిలో పట్టుకుని, డీజిలు కలవలేదని, సబ్బు తానే పెట్టానని, తీయమని చెప్పలేదని, బుధవారమే తెలిసినా నోరు మూసుకున్నానని చెప్పాడు. వరసగా చెప్పాడు, కార్బురేటరు విప్పినట్టు. పొట్లం విప్పి చూపించాడు.

ఎవరో పకపకా నవ్వారు. జాకబ్ ముక్కుకు సబ్బు పెట్టి కడగాలన్నారు. అతను అనుకున్నంత గొడవేమీ కాలేదు. గొడవ తక్కువైనందుకు కూడా అతనికి బాధేసింది. వాళ్ళందరి చేలూ తడిసి ఉన్నాయి. లింగప్ప మాత్రం నవ్వలేదు. తన చేనివైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. నవ్వని రెండోవాడు గోవిందప్ప. అతని చేను ఇంకా తడవలేదు. కాసేపు గుంతలోకి చూస్తూ నిలబడి, ఉన్న నీళ్ళు చెరిసగం అన్నాడు. ముందు ఆమె సగం పెట్టుకోనీ అన్నాడు. అట్లా అనడానికి ఆ మనిషికి ఎంత పట్టిందో జాకబ్ చూశాడు. ఆ సగం కూడా తన సబ్బు వల్లే పోతోందని తెలుసుకున్నాడు.

బయమ్మను పిలవడానికి అతనే వెళ్ళాడు. ఆమె ఇంటి ముందు కందులు చెరుగుతోంది. జాకబ్ నిలబడే అంతా మళ్ళీ చెప్పాడు. ఈసారి వరస కుదరలేదు, మధ్యలో రెండుసార్లు తప్పయిందక్కా అన్నాడు. తిడుతుందని చూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. బయమ్మ చేట కిందపెట్టింది.

"డీజిలు ల్యాదా?"

"ల్యాదక్కా. మంచి పెట్రోలే. మూత సంగతి నువ్వు చెప్పిందే నిజం."

అప్పుడు ఆమె ముఖంలో రావలసిన కోపం రాలేదు. ఇంకేదో వచ్చింది. గోడకు ఆనించిన క్యానువైపు చూసింది. ఆ క్యానుకు ఒక పక్క సొట్ట ఉంది, మంగళవారం లేని సొట్ట.

"దాంతోనే కొట్టినా," అంది. "నాలుగు దినాలాయ. నేను పోయలేదే, బంకు కాడ్నుంచి నేరుగా ఇంటికే తెచ్చినానే అంటాండాడు. ఆ పొద్దు తాగిండాడు కదా, తాగినోని మాటేందని నేను వినలా. నువ్వు వాసన చూసి చెప్పితివి. అందరి ముందరా చెప్పితివి. పిల్లోల్ల నోటికాడి కూడు అమ్ముకోని తాగినావు, ఇంట్లోకి రావద్దంటి." చేట దగ్గరికి లాక్కుంది. "పోయినాడు."

ఆమెకు అన్యాయం చేశానని జాకబ్ మూడు రోజులుగా కుమిలాడు. ఆ అన్యాయం ఆమె చేతిలోంచి ఇంకొకరి వీపు మీదికి పోయిందని అతనికి తెలియనే తెలియదు. అతను దించుకున్న బరువు ఇప్పుడు ఆమె ఎత్తుకుని ఉంది.

తడి సంగతి మొదలుపెట్టాడు. ఇంజను సిద్ధంగా ఉందని, గోవిందప్ప ఒప్పుకున్నాడని చెప్పాడు. బయమ్మ విన్నట్టే లేదు. చివరికి, నా చేలోకి నీళ్ళు వాళ్ళనే తిప్పమను, చేను యాడికీ పోదు, అంది. వెంకటప్ప కొండ అవతల ఉన్నాడట. మడకశిర దిక్కునుంచి గొర్రెలు తోలుకొచ్చిన వాళ్ళ మందలో కూలికి కుదిరాడని ఎవరో చెప్పారు. ఫోను ఇంట్లోనే పడేసి పోయాడు.

"నన్ను ఆడికి పిల్చుకోని పో," అంది. "నువ్వే చెప్పల్ల. నేను చెప్పల్లంటే నాకు నోరు రాదు."

జాకబ్ మోటారుసైకిలు తీశాడు. పల్లం దాటుతుంటే ఇంజను చప్పుడు వినబడింది. ఆమె చేలో స్ప్రింక్లర్లు తిరుగుతున్నాయి. ఎండలో నీళ్ళు మెరిశాయి. వెనక కూర్చున్న బయమ్మ అటు తల తిప్పలేదు.

మంద ఒక కోసిన కొర్రచేలో ఉంది. వెంకటప్ప వేపకొమ్మ నరికి గొర్రెపిల్లలకు ఆకు దూస్తున్నాడు. భుజం మీద కమిలిన గుర్తు చొక్కా చిరుగులోంచి కనబడుతోంది. వీళ్ళను చూసి లేచి, భార్యను చూడకుండా జాకబ్‌ను చూశాడు. అప్పు వసూలుకు వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు. బయమ్మ దూరంగానే నిలబడిపోయింది.

"బావా," అన్నాడు జాకబ్. "ఇంజనులో డీజిలు ల్యాదు. నా తప్పు. నువ్వేం పోయలేదు."

వెంకటప్ప కొడవలి కిందపెట్టాడు. తర్వాత మెల్లగా, నమ్మకం చాలనట్టు అడిగాడు.

"నేను పోయలేదా?"

"ల్యాదు బావా."

"పోసినట్ల నాకు కనపడ్తాంది గదప్పా," అన్నాడు. "ముందు పోయలేదనే అనుకున్నా. అందరూ అంటాండారు, నువ్వు వాసన గూడా చూసినావంట. తాగినప్పుడు పోసింటానేమో అని ఈడ కూచ్చోని బో ఆలోచన చేసినా. చేయంగా చేయంగా ట్రాక్టరు ట్యాంకు మూత తీసినట్ల, క్యానులోకి వంచినట్ల కండ్లకు కనపడె. చేతులకు వాసన గూడా తగిలె. ఇంక ఆయమ్మ కొట్టింది న్యాయమే అనుకున్నా."

బయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, గొర్రెల వైపు తిరిగి, అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. జాకబ్ జోబులోంచి పొట్లం తీసి విప్పాడు. ఎర్రమట్టి అంటిన సబ్బు, గోటి గాట్లతో. దీన్ని మూతకు తాను ఎక్కడ రుద్దాడో, గాలి ఎట్లా ఆగిందో, ఇంజను ఎందుకు నడిచి నడిచి ఆగిందో, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు అంతా చెప్పాడు. వెంకటప్ప ఒక్కో మాటకూ తల ఊపాడు. సబ్బు వేళ్ళతో తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత తన చెయ్యి వాసన చూసుకున్నాడు.

"ఇది నా దగ్గర పెట్టుకోనా?" అని అడిగాడు. "మళ్ళా నేనే పోసినట్ల అనిపిస్తే, తీసి చూసుకుంటా."

జాకబ్ పొట్లం మళ్ళీ మడిచి అతని చేతిలో పెట్టాడు. వెంకటప్ప దాన్ని నడుముకున్న పంచె మడతలో దోపుకుని, మిగిలిన ఆకు గొర్రెపిల్లలకు వేసి, బయమ్మ కూర్చున్నచోటికి నడిచాడు.